యాత్రికుని ప్రయాణమును మన అనుదిన పోరాటమును



మన క్రైస్తవ కుటుంబములలో బైబిలు ప్రక్కన, కీర్తనల పుస్తకము ప్రక్కన, అట్ట చినిగియైనను నిలిచియుండు పుస్తకమొకటి కలదు. అది జాన్ బన్యన్ వ్రాసిన ‘యాత్రికుని ప్రయాణము’. సాతాను శోధనను గూర్చి ప్రసంగింప నిలువబడిన బోధకుడు ఎఫెసీయుల పత్రిక ఆరవ అధ్యాయము చదివిన వెంటనే ఈ పుస్తకములోని అపొల్లుయోను యుద్ధమునకు దిగుట మనము తరచుగా వినుచున్నాము. సంతోషమే. అయితే ఆ గ్రంథమును ఆ యొక్క పుటకొరకే చదువుచున్నామేమోయని నాకు సందేహము. ధర్పల్లి వంటి ఊరిలో పసుపు చేను, అప్పు, జబ్బు, పొరుగువారి మాట, వీటి నడుమ బ్రదుకుచున్న విశ్వాసికి ఈ పుస్తకము నిజముగా ఏమి నేర్పుచున్నది? ఎక్కడ నేర్పలేకపోవుచున్నది? ఈ మాసము ఆ సంగతి విచారింతము.

బన్యన్ పండితుడు కాడు. ఇంగ్లాండులో బెడ్‌ఫర్డ్ దగ్గర 1628లో పుట్టినవాడు. ఓటిపోయిన ఇత్తడి, ఇనుప పాత్రలకు మాట్లు వేయుట అతని వృత్తి. రాజ్యసంఘపు అనుమతి లేక బోధించుచున్నాడని 1660లో అతనిని చెరసాలలో వేసిరి. 1672 వరకు, అనగా రమారమి 12 సంవత్సరములు అతడు అందుండెను. బోధించుట మానెదనని ఒక్క మాట చెప్పిన విడిచిపెట్టుదురు, అతడు చెప్పలేదు. ఈ గ్రంథము మొదటి భాగము 1678లోను, రెండవ భాగము 1684లోను అచ్చయ్యెను. కవచమును గూర్చి వ్రాసిన పౌలును సంకెళ్లలోనుండియే వ్రాసెనని మనకు తెలుసును. ఇద్దరును నాలుగు గోడల మధ్యనుండి వ్రాసినవారే. కనుక ‘పోరాటము’ అనగా పరుగెత్తి కత్తి దూయుట అని వీరు తలంచియుండరు. పౌలు ఆ భాగములో మరల మరల కోరునది నిలిచియుండుటయే.

ఇక అపొల్లుయోను యుద్ధమునకు వత్తము. చేప పొలుసులు, ఘటసర్పపు రెక్కలు, ఎలుగుబంటి పాదములు, సింహపు నోరు, కడుపులోనుండి పొగయు మంటయు గల ఆ భూతము దీనత్వపు లోయలో యాత్రికునికి అడ్డమువచ్చును. అర్ధదినమునకు పైగా పోరు జరుగును. యాత్రికునికి తలయందును చేతియందును పాదమందును గాయములగును, ఖడ్గము చేజారును, క్రిందపడిన చోటనుండి చేయిచాపి దానిని తిరిగి పట్టుకొనును. చిన్నపిల్లలు ఊపిరి బిగబట్టి వినెడు కథ. కాని చదువరీ, ఖడ్గము ఒరలోనుండి వచ్చుటకు ముందు జరిగిన సంభాషణను నీవు శ్రద్ధగా చదివితివా? నా మట్టుకు నాకు యుద్ధముకంటె ఆ మాటలే గొప్పవి. అపొల్లుయోను మొదట బెదిరింపడు. నీవు నా దేశమువాడవు, నా ప్రజవు, తిరిగి రమ్మనును. తరువాత లాభము చూపును. అదియు సాగనప్పుడు లెక్క విప్పును: బురదగుంటలో నీవు జడిసితివి, భారము దించుకొనుటకు అడ్డదారి త్రొక్కితివి, నిద్రపోయి నీ పత్రము పోగొట్టుకొంటివి, సింహములను చూచి వెనుదిరుగ నుంటివి. అన్నియు నిజములే! యాత్రికుడు ఒక్కటియు కాదనడు. ఇంతే కాదు, నీవు చెప్పక విడిచినవి ఇంకను కలవని ఒప్పుకొని, నేను సేవించు రాజు క్షమించువాడని చెప్పును.

ఇది ఈ గ్రంథమంతటిలో మిక్కిలి విలువైన ఉత్తరమని నా తీర్పు. మనము సామాన్యముగా చేయునది దీనికి విరుద్ధము. మన తప్పు ఎవరైనను ఎత్తిచూపగానే అది సాతాను దాడియని చెప్పి తప్పించుకొందుము. సంఘపు డబ్బు లెక్క అడిగినవాడు సాతాను ప్రేరేపణ చేత అడిగెనందుము. భార్య కన్నీటితో చెప్పిన మాట శోధన యందుము. బన్యన్ యాత్రికుడు సాక్షాత్తు అపవాది నోట వచ్చిన నిజమునుకూడ నిజమేయని ఒప్పుకొన్నాడు. దాడి నిజములో లేదు. ఆ నిజమును చూపి ‘ఇక నీకు క్షమాపణ లేదు’ అను ముగింపులో ఉన్నది.

అయితే ఈ పుటవలన ఒక కీడును కలిగినది. అది బన్యన్ కోరినది కాదు గాని కలిగినది. శత్రువును పొలుసులతో చూడ నలవాటుపడిన కన్ను, పొలుసులు లేనిచోటను పొలుసులు చూచును. మన నిజామాబాదు, మెదకు ప్రాంతములలో బాణామతి, చేతబడి అను మాటలు ఎంత భయము పుట్టించునో ధర్పల్లి చదువరులకు నేను చెప్పనక్కరలేదు. బిడ్డకు జ్వరము విడువలేదు, పాడిబఱ్ఱె ఎండిపోయినది, బోరు ఎండినది. వెంటనే ఎవరో చేసిరని మాట పుట్టును. ఆ ‘ఎవరో’ చివరకు ఊరి కొసన ఒంటరిగా నుండు వృద్ధురాలో, పొలపు గట్టు తగవున్న దాయాదియో అగును. ఇట్టి అనుమానముతో మనుష్యులను కొట్టుటయు చంపుటయుకూడ తెలుగు జిల్లాలలో జరిగినవి. బాప్తిస్మము పొందిన మనము ఈ భయమును విడిచితిమా, లేక దానికి పేరు మాత్రమే మార్చితిమా? ప్రార్థన కూటములో నిలిచి, ‘నీ యింటిమీద ఫలానివారి కన్ను పడినది’ అని చెప్పు బోధకుడు భూతవైద్యుడు చేయు పనియే బైబిలు చేతపట్టుకొని చేయుచున్నాడు. నూనె సీసాకు వెల కట్టువానిని గూర్చి వేరుగా చెప్పవలెనా?

కవచపు మాటలకు ముందే పౌలు, మన పోరాటము రక్తమాంసములుగల వారితో కాదని స్పష్టపరచెను. ఈ మాట మనము కంఠస్థముగా చెప్పుదుము. దాని బరువు ఎత్తుకొనము. దాని మొదటి ప్రయోజనము పొరుగువాని రక్షణ. ఏ మనుష్యుని ముఖమును సాతాను ముఖముగా చూడరాదు. చూచిన క్షణముననే మనము ఓడితిమి. ఎదుటివాడు ఏమియు చేయనక్కరలేదు.

ధర్పల్లికి పొరుగుననున్న డిచ్‌పల్లి దీనికి సాక్ష్యము. కుష్ఠును శాపమనియు, పూర్వపాపమనియు, దయ్యపు పనియనియు తలంచి, రోగిని ఇల్లు వెడలగొట్టుచుండిన కాలమున, స్కాట్లండు దేశపు వైద్యురాలు ఇసబెల్ కెర్ తన భర్త జార్జి కెర్‌తో కూడ 1907లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చెను. 1915లో డిచ్‌పల్లియందు కుష్ఠురోగుల ఆస్పత్రి తెరువబడెను. దానికి ధనసహాయము చేసినవారిలో నర్సాగౌడ్ అను హిందూ దాత ముఖ్యుడు. మన సహోదరులు కొందరు ‘లోకస్థులు’ అను మాటను తేలికగా వాడునప్పుడు నాకు ఆయన జ్ఞాపకము వచ్చును. హిడ్నోకార్పస్ గింజల నూనెను సూదిమందుగా ఇచ్చుచు, పుండ్లు కడుగుచు, ఆమె 1932లో మరణించువరకు అక్కడ పనిచేసెను. ఆ వ్యాధికి కారణము ఒక సూక్ష్మజీవి యని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొనియుండెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సచేత నేడది 6 నుండి 12 నెలలలో నయమగును. మరి డిచ్‌పల్లిలో సాతానుతో పోరాటము జరుగలేదా? జరిగెను. రోగము సూక్ష్మజీవిది. రోగిని తాకరాదు, తల్లియైనను విడువవలెను, దేవుడే ఇతనిని విడిచెను అను అబద్ధము అపవాదిది. ఆ అబద్ధమును ఆమె సూదితోను పట్టీతోను ఎదిరించెను. కవచము ధరించిన చేతులు అట్లే యుండునని నేను నమ్ముచున్నాను.

బన్యన్‌లో మన బోధకులు దాటిపోవు పుట మరియొకటి కలదు. మరణఛాయల లోయలో యాత్రికుడు చీకటిలో నడచుచుండగా, దుష్టులలో ఒకడు పిల్లివలె వెనుకనుండి వచ్చి, దేవదూషణ మాటలు చెవిలో గుసగుసలాడును. ఆ మాటలు తన మనస్సులోనుండియే పుట్టినవని యాత్రికుడు అనుకొనును. అంతవరకు ఎదుర్కొన్న వాటన్నిటికంటె ఇది అతనిని ఎక్కువగా కృశింపజేయును. తాను ప్రేమించిన వానినే తాను దూషించుచున్నానా అని అతని వేదన. ఇది కల్పన కాదు. 1666లో అచ్చయిన తన ఆత్మకథలో బన్యన్ తనకే ఇట్టి తలంపులు రాత్రింబగళ్లు వెంటాడెనని వ్రాసియున్నాడు. అనుభవించినవాడే వ్రాయగల పుట ఇది.

దీనివలన మనకు దొరుకు మేలు ఏమనగా, మనస్సులోనికి వచ్చిన తలంపు వేరు, మనస్సు ఇచ్చిన సమ్మతి వేరు. ప్రార్థించుచుండగా చెడు తలంపు దూసుకొనివచ్చినదని ప్రార్థన మానుకొన్నవారిని నేనెరుగుదును. మానుకొనుటయే దాడి కోరినది. అట్టి తలంపుతో వాదమునకు కూర్చుండక, వచ్చినదానిని వచ్చినదిగా గుర్తించి, చేయుచున్న పని చేయుచుపోవుట మంచిది. కల్లములో పసుపు ఆరబోసినవాడు పైన ఎగిరిన ప్రతి కాకితోను తగవులాడునా?

ఇక్కడ నేనొక హెచ్చరిక చేర్చవలెను. ప్రతి తలంపును బయటివాని నెత్తిన వేయుటయు సరికాదు. ఎవని దురాశయే వానిని ఈడ్చునని యాకోబు మొదటి అధ్యాయములో చెప్పుచున్నాడు. అన్నదమ్ముని కమతముపై నాకు కలిగిన ఆశ నా చెవిలో ఎవరో ఊదినది కాదు, నాదే. అది ఒప్పుకోలు కోరును. మరియు వారములు గడిచినను నిద్రపట్టక, తిండి సహింపక, బ్రదుకు వలదను తలంపు విడువనిచో, అది వైద్యుడు చూడవలసిన వ్యాధి కావచ్చును. బన్యన్ కాలమున దీనికి వైద్యము లేకుండెను, మనకు కలదు. జ్వరమునకు మాత్ర మ్రింగువాడు మనస్సు జబ్బునకు మ్రింగినయెడల విశ్వాసము తగ్గునా?

సందేహదుర్గపు ఘట్టమును గూర్చి కొంచెము నిదానముగా చెప్పవలెను. ఎందుకనగా అది మన జిల్లా కథవలె నున్నది. దారి రాళ్లమయమై కాళ్లు నొచ్చుచుండగా, ప్రక్కన కంచె అవతల మెత్తని పచ్చికబాట కనబడును. యాత్రికుడే తన సహచరుడైన ఆశావంతుని దానిమీదికి దింపును. రాత్రి వాన కురియును, వరద వచ్చును, ఉదయమున నిరాశ అను రాక్షసుడు వారిని పట్టుకొని చీకటికొట్టులో వేయును. బుధవారము ఉదయము మొదలు శనివారము రాత్రివరకు అన్నము లేదు, నీళ్లు లేవు, వెలుగు లేదు. రాక్షసుడు వారిని దుడ్డుకఱ్ఱతో బాదును. తరువాత వాడిచ్చు సలహాను చదువరీ, గమనింపుము: కత్తియో, ఉరియో, విషమో, ఏదో ఒకటి ఎంచుకొని మీరే చావుడనును. వాడు చంపడు, చంపుకొమ్మనును.

పసుపు పంట తొమ్మిది నెలలు భూమిలో నుండునది. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిషు పట్టి, కాడి గోల వేరుచేసి యార్డునకు తెచ్చినప్పుడు, తేమయని తరుగు తీసి ఒక్క గడియలో ధర చెప్పుదురు. ఆ ధరకొరకు విసిగిన రైతులు 2019 లోకసభ యెన్నికలలో నిజామాబాదునుండి 170కి పైగా మంది నామినేషనులు వేసి నిలిచిరి. మొత్తము అభ్యర్థులు 185 మంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమయ్యెను. దాని మంచిచెడ్డలు ఈ పత్రిక పని కాదు. మన పని ఆ రాత్రి ఇంటికి తిరిగివచ్చిన మనుష్యుని గూర్చినది. అతని దూలము క్రింద పురుగుల మందు డబ్బా ఉన్నది. రాక్షసుడు చెప్పిన మూడింటిలో ఒకటి ఇంటనే సిద్ధముగా నున్నది.

ఆ చీకటికొట్టులో యాత్రికుని ఏది నిలిపినది? అతని పరాక్రమము కాదు. అతడు చావునకు ఒప్పుకొనుటకు సిద్ధపడినాడు. ప్రక్కనున్న ఆశావంతుడు మరల మరల మాటలాడెను. మరియొకని చంపుట తగనిదైతే మనలను మనము చంపుకొనుట అంతకంటె తగనిది కదా అని వాదించెను. రాక్షసునికి ఎండవేళ మూర్ఛ వచ్చునే, తాళము వేయ మరచిపోవునేమో, ఇంకొక దినము ఓర్చుకొందమనెను. అపొల్లుయోను నిన్ను గెలువలేదు గదా అని గుర్తుచేసెను. ఈ మాటలలో పెద్ద వేదాంతము లేదు. ఒక స్నేహితుడు ఇంకొక దినము గడుపుమనుచున్నాడు, అంతే. శనివారము అర్ధరాత్రి వారు ప్రార్థన ప్రారంభింతురు. తెల్లవారబోవునప్పుడు యాత్రికునికి తన రొమ్మున ‘వాగ్దానము’ అను తాళపుచెవి మొదటినుండి యున్నదని జ్ఞాపకము వచ్చును. రెండు తలుపులు తేలికగా తెరచుకొన్నవి. చివరి ఇనుప ద్వారపు తాళము మాత్రము చాల బిగువుగా తిరిగెను. ఆ బిగువును వ్రాసినందుకు నేను బన్యన్‌కు కృతజ్ఞుడను. వాగ్దానము చదివిన వెంటనే సమస్తమును తీరునని చెప్పు బోధకులు ఆ వాక్యము దగ్గర ఆగవలెను.

కనుక సంఘపు పెద్దలారా, అట్టి ఇంటికి శనివారము వరకు ఆగి వెళ్లవద్దు. బుధవారమే వెళ్లుడి. వెళ్లి, ‘నీకు విశ్వాసము చాలలేదు’ అని మొదలుపెట్టకుడి. ఆ మాట రాక్షసుని దుడ్డుకఱ్ఱయే. మందు డబ్బాను ఇంటినుండి తొలగింపుడి. అతనితో కూడ అన్నము తినుడి. రాత్రి ఒంటరిగా నుండనీయకుడి. వైద్యుని యొద్దకు తోడు వెళ్లుడి. ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయమునకు టెలీఫోను సంఖ్య 14416 కలదు. దానిని మందిరపు గోడమీద వాక్యము ప్రక్కనే వ్రాయింపుడి. విశ్వాసమను డాలు అన్న చోట మనము ఒంటరి సైనికుని ఊహింతుము. రోమా సైనికుల పెద్ద డాళ్లు ఒకదానితో నొకటి చేర్చి అడ్డుగోడగా నిలుపుటకు తగినవి. పౌలు ఆ భాగమంతటిలోను ‘మీరు’ అనియే పలుకుచున్నాడు.

గ్రంథకర్తను ఇంత మెచ్చుకొన్నపిమ్మట అతని లోపములు చెప్పుట న్యాయము. మొదటి భాగములో యాత్రికుడు భార్యబిడ్డలు పిలుచుచుండగా చెవులలో వ్రేళ్లు పెట్టుకొని పరుగెత్తును. ఉపమానముగా దానిని అర్థము చేసికొనవచ్చును. సుందరగృహమున అతనిని వారిని గూర్చి ప్రశ్నించుటయు, అతడు ఏడ్చుటయు కలదు. అయినను అనుదిన జీవితమునకు అది కొరత. మన శోధనలలో ముప్పాతిక వంతు ఇంటిలోనే కదా. పౌలు కవచమును ఎక్కడ పెట్టెనో చూడుడి: భార్యాభర్తలు, పిల్లలు, తండ్రులు, దాసులు, యజమానులు, వీరందరి సంగతి చెప్పి ముగించినపిమ్మట. అంతకుముందు నాలుగవ అధ్యాయములో అపవాదికి చోటియ్యవద్దని చెప్పిన సందర్భము దయ్యములు కాదు, సూర్యుడు క్రుంకువరకు నిలిచిన కోపము! చుట్టును అబద్ధము, దొంగతనము, చెడ్డమాట. కాంటా దగ్గరను, పొయ్యి దగ్గరను జరుగు సంగతులు. రాత్రి భార్యతో మాటలాడక పండుకొని, తెల్లవారుజామున లేచి సాతానును గద్దించువాడు తలుపు తెరచియుంచి కిటికీ మూయుచున్నాడు.

రెండవ లోపము, పాపములకు మనుష్యుల రూపమిచ్చుట. వాచాలుడు, లోకజ్ఞాని, మూర్ఖుడు అను పేర్లు చదివిన చదువరి వెంటనే వీధిలో వారిని వెదకును. పుస్తకము మూసి, ‘వాచాలుడనగా మన ఫలాని పంతులుగారే’ అని నవ్వుకొనుట విన్నాను. బన్యన్ అద్దమును చేసెను. మనము దానిని కిటికీగా వాడుచున్నాము. తప్పు ఎవరిదనిన, ఇద్దరిదియు.

ఈ రెండు లోపములను బన్యన్ తానే రెండవ భాగమున దిద్దుకొన్నాడని నా అభిప్రాయము. దానిని మనవారు అరుదుగా చదువుదురు. అందులో పొలుసుల భూతము లేదు గనుకనేమో! అందులో భార్యయైన క్రిస్టియానా పిల్లలతోను, పొరుగింటి కన్యతోను బయలుదేరును. మహాహృదయుడను కాపరి వారికి తోడు. దారిలో బలహీనమనస్కుడు చేరును, ఊతకఱ్ఱలతో కుంటివాడొకడు చేరును. వారి నడకకు తగినట్లు అందరును నడకను తగ్గింతురు. అపొల్లుయోను యుద్ధము జరిగిన ఆ దీనత్వపు లోయ వీరు వచ్చునప్పటికి పచ్చని సారవంతమైన భూమిగా కనబడును. గొఱ్ఱెలు కాయు బీదపిల్లవాడు అందు పాడుకొనుచుండును. మహాహృదయుడు వివరించును: యాత్రికునికి ఇక్కడ అంత కష్టము కలిగినది లోయవలన కాదు, దిగునప్పుడు అతడు జారుటవలన. పోరు జరిగిన చోటికి పేరుకూడ చెప్పును, మరపు పచ్చిక యని. పొందిన మేలు మరచినవారికి ఆ చోటు మిక్కిలి అపాయకరమట. ధర బాగున్న యేట ప్రార్థన మాని, ధర పడిన యేట పరుగెత్తి వచ్చు మనకు ఇది తగలదా?

వారు నిరాశ రాక్షసుని దుర్గమునుకూడ పడగొట్టుదురు. అందులో చావునకు దగ్గరగానున్న ఒక తండ్రి, ‘అతిభయము’ అను అతని కూతురు దొరకుదురు. ఆ కూతురు ప్రయాణమంతయు భయపడుచునే నడచును. ఆమె భయము పోయినదని బన్యన్ ఎక్కడను వ్రాయలేదు; ఆమెను ఎవరును గద్దింపలేదు, వెనుకను విడువలేదు. చివరకు తండ్రితో కూడ నదిలో దిగినప్పుడు ఆమె పాడుచు దాటెను. ఏమి పాడెనో ఒడ్డుననున్నవారికి ఎవరికిని తెలియలేదు.